పేరున్న ప్రొఫెసరా, పట్టున్న విభాగమా?

ప్రశ్న: నేను గణితంలో డిగ్రీ చేశాను. చివరి రెండేళ్లలో తత్వశాస్త్రం కోర్సులు కొన్ని తీసుకున్నాక, సంఖ్యలంటే అసలు ఏమిటి, వాటి గురించి మనకు తెలిసినది ఎలా తెలుస్తోంది అన్న ప్రశ్నలు నన్ను వదలడం లేదు. తత్వశాస్త్రంలో పైచదువుకు దరఖాస్తు చేస్తే ఈ ఏడాది మూడు చోట్ల సీటు వచ్చింది. మొదటిది అమెరికాలో చాలా పేరున్న విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. ర్యాంకుల జాబితాలో అది మొదటి పదింటిలో ఉంది. నన్ను ఈ శాస్త్రం వైపు తిప్పిన వ్యాసాల రచయిత అక్కడే ప్రొఫెసరు. ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాయి, గణిత తత్వశాస్త్రంలో అక్కడ ఆయన ఒక్కరే. రెండోది కూడా అమెరికాలోనే, అదే జాబితాలో ముప్పై దాటిన చోట ఉన్న విభాగంలో పీహెచ్‌డీ. తర్కశాస్త్రం, గణిత తత్వశాస్త్రాల్లో అక్కడ ముగ్గురున్నారు. వారు ఐదేళ్ల స్టైపెండుకు హామీ ఇచ్చారు, మొదటివారు నాలుగేళ్లకే ఇచ్చారు. మూడోది బ్రిటన్‌లో ప్రసిద్ధ విశ్వవిద్యాలయంలో ఏడాది ఎంఏ. ఫీజంతా మేమే కట్టుకోవాలి, ఇంట్లో అప్పు చేస్తామంటున్నారు. ఏప్రిల్ 15 లోపల జవాబివ్వాలి. ఏది ఎంచుకోమంటారు? ఈ చదువుకు ఉద్యోగాలుండవని అందరూ అంటారు, అది ఎంతవరకు నిజం?

— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: మూడింటిలో తేల్చడం సులువైనది మూడోదే కనుక దానితో మొదలుపెడతాను. అప్పు చేసి ఆ ఎంఏకు వెళ్లవద్దు. ఆ విశ్వవిద్యాలయం మంచిది కాదని కాదు, జీతమిచ్చి చదివించే పీహెచ్‌డీ సీట్లు రెండు చేతిలో ఉండగా ఎదురు డబ్బు కట్టి ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టడంలో అర్థం లేదని నా ఉద్దేశం. పైగా ఏడాది ఎంఏలో పైకి కనిపించని చిక్కు ఒకటుంది. తరగతులు సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో మొదలవుతాయి, మరుసటి ఏటి పీహెచ్‌డీ దరఖాస్తుల గడువులు చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లోనే ముగుస్తాయి. మీకు సిఫార్సు లేఖ రాయవలసిన అధ్యాపకులు అప్పటికి మీ వ్యాసం ఒకటో రెండో మాత్రమే చదివి ఉంటారు. కొత్తగా నేర్చుకున్నది దరఖాస్తులో కనిపించే లోపలే దరఖాస్తు వెళ్లిపోతుంది. అందువల్లనే అలాంటి ఎంఏలు చేసినవారిలో చాలామంది అది పూర్తయ్యాక ఒక ఏడాది ఆగి మరీ దరఖాస్తు చేస్తారు.

తత్వశాస్త్రంలో పునాది చాలదనుకున్నవారికి ఎంఏ నిజంగానే అవసరం, కానీ అది రెండేళ్లదైతే మేలు. ఆక్స్‌ఫర్డ్‌లో గిల్బర్ట్ రైల్ చొరవతో 1946లో మొదలైన బీఫిల్ అలాంటిది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని మాస్టర్ ఆఫ్ లాజిక్ అలాంటిదే, మీవంటి గణిత విద్యార్థులకు అది మరీ సరిపోతుంది. అమెరికాలో టఫ్ట్స్, నార్తర్న్ ఇలినాయ్, జార్జియా స్టేట్ వంటి విశ్వవిద్యాలయాల తత్వశాస్త్ర విభాగాల్లో పీహెచ్‌డీ లేదు, ఎంఏతోనే చదువు ఆగుతుంది. పీహెచ్‌డీ విద్యార్థులు లేని చోట అధ్యాపకుల సమయం ఎంఏ విద్యార్థులకు దక్కుతుంది కాబట్టి, వేరే శాస్త్రం నుంచి వచ్చినవారు అక్కడ బాగా రాటుదేలుతారు. అయితే మీకు ఆ మెట్టు అవసరం లేదని రెండు విభాగాలు సీటిచ్చి మరీ చెప్పాయి. అమెరికా పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు దాదాపుగా కోర్సులే ఉంటాయి. ఆ తర్వాత ఈ దారి తనది కాదని తోచినవారు ఎంఏ పట్టాతో బయటికి రావడానికి చాలా చోట్ల వీలుంటుంది. అంటే మీ ఇంట్లోవారు అప్పు చేసి కొనబోతున్న పట్టాకు సమానమైనది, అవసరమైతే, స్టైపెండు తీసుకుంటూనే సంపాదించవచ్చు.

ఇక ర్యాంకుల సంగతి. మీరు చూసిన జాబితా ఏదో రాయలేదు కానీ, ఈ శాస్త్రంలో అందరూ చూసేది ఫిలసాఫికల్ గోర్మే రిపోర్ట్. బ్రయన్ లైటర్ తాను విద్యార్థిగా ఉన్నప్పుడే, 1989లో, దీన్ని మొదలుపెట్టారు. దీని పద్ధతి తెలిస్తే ఏమేరకు నమ్మాలో తెలుస్తుంది. ఒక్కొక్క విభాగంలో పనిచేసే అధ్యాపకుల పేర్ల పట్టికను, విశ్వవిద్యాలయం పేరు తీసేసి, ఎంపికచేసిన తత్వవేత్తలకు పంపుతారు. వారు ఆ పట్టికకు సున్నా నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. కనుక అది కొలిచేది అధ్యాపకుల పరిశోధనకు తోటివారిలో ఉన్న పేరును. ఆ అధ్యాపకులు విద్యార్థి రాసిన అధ్యాయాన్ని ఎన్ని వారాలకు చదివి తిరిగిస్తారో, చేరినవారిలో ఎందరు పూర్తిచేస్తారో, పూర్తిచేసినవారు ఎక్కడ తేలుతారో అందులో లేదు. అయినా ఆ నివేదికలో చాలామంది చూడకుండా వదిలేసే భాగం ఒకటుంది, మీకు పనికొచ్చేది అదే. గణిత తత్వశాస్త్రం, తర్కశాస్త్రం, జ్ఞానమీమాంస అంటూ శాఖలవారీగా విడిగా జాబితాలిస్తారు. మొత్తం మీద ముప్పై దాటిన చోట ఉన్న విభాగం మీ శాఖలో మొదటి వరుసలో ఉండడం అరుదేమీ కాదు. మీ రెండు విభాగాలూ ఆ పట్టికల్లో ఎక్కడున్నాయో ముందు చూడండి.

ర్యాంకు మనుషుల మీద ఆధారపడింది, మనుషులేమో కదిలిపోతుంటారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయం తత్వశాస్త్ర విభాగం 1990ల్లో వరసగా చేసిన నియామకాలతో కొద్ది ఏళ్లలోనే ప్రపంచంలో మొదటి వరుసకు చేరుకుంది. అంటే అదే కాలంలో మరికొన్ని విభాగాలు తమవారిని పోగొట్టుకున్నాయన్నమాట. అంతకంటే కఠినమైన ఉదాహరణ బ్రిటన్‌లోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయానిది. ఆధునిక యూరోపియన్ తత్వశాస్త్రంలో ఎంతో పేరున్న కేంద్రం అక్కడ ఉండగానే, 2010లో యాజమాన్యం తత్వశాస్త్రం కోర్సులను మూసేయాలని నిర్ణయించింది. దేశవిదేశాల నుంచి నిరసనలు వచ్చినా నిర్ణయం మారలేదు, చివరికి ఆ కేంద్రం కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయానికి తరలిపోయింది. పరిశోధనలో పేరు ఒక్కటే విభాగాన్ని కాపాడదు. విశ్వవిద్యాలయం ఆ విభాగంలో ఈమధ్య కొత్తవారిని నియమించిందా, ఖాళీ అయిన పోస్టులు నింపిందా అన్నది చూస్తే దాని రాబోయే పదేళ్లు కొంతవరకు తెలుస్తాయి.

ఇంతా చెప్పి, ర్యాంకును పట్టించుకోవద్దని మాత్రం అనను. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే తత్వశాస్త్రంలో అధ్యాపకులను నియమించే కమిటీలు పేరును చూస్తాయి. వందల కొద్దీ దరఖాస్తులు కుప్పపడినప్పుడు, ఏ విశ్వవిద్యాలయం నుంచి వచ్చారు, ఎవరు లేఖ రాశారు అన్నవి మొదటి వడపోతలో తేడా చూపుతాయి. ఇది న్యాయమా అంటే కాదు, కానీ ఉన్న సంగతి ఇది. కనుక మొదటి పదింటిలోని విభాగాన్ని కాదనుకోవడానికి గట్టి కారణం ఉండాలి. మీ విషయంలో అలాంటి కారణం ఉందో లేదో తేల్చడమే అసలు పని, అది ఆ ప్రొఫెసరు గారితో మొదలవుతుంది.

అమెరికాలో విశ్వవిద్యాలయ అధ్యాపకులకు నిర్బంధ పదవీ విరమణ వయసు 1994 నుంచి లేదు. డెబ్బై దాటిన ప్రొఫెసరు మరో పదేళ్లు పనిచేయవచ్చు, వచ్చే ఏడాదే మానుకోనూ వచ్చు. వయసును బట్టి మీరు ఏమీ ఊహించలేరు, అడిగి తెలుసుకోవలసిందే. చాలామంది విద్యార్థులు ఇది మర్యాద కాదని సంకోచిస్తారు, అలా సంకోచించవద్దు. మీరు నాలుగో ఏడాదిలో సిద్ధాంత వ్యాసం మొదలుపెట్టి ఆరేడేళ్లకు పూర్తిచేసేసరికి ఆయన ఎక్కడుంటారన్నది మీ జీవితానికి సంబంధించిన ప్రశ్న, ఇలాంటి ప్రశ్నలు ఆ విభాగాలకు కొత్త కావు. "కొత్త విద్యార్థులకు పర్యవేక్షకులుగా ఉండడానికి మీరు సిద్ధంగా ఉన్నారా, విరమణ తర్వాత కూడా సిద్ధాంత వ్యాసం కమిటీలో కొనసాగుతారా" అని రెండు వాక్యాల్లో మర్యాదగా రాయండి. ఆయన సూటిగా జవాబిస్తే, అది ప్రతికూలమైనదైనా, మీకు మేలు చేసినట్టే. జవాబు రాకపోతే మూడో ఏడాదిలో మీరు పంపబోయే అధ్యాయానికి జవాబు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బాగా రాసేవారందరూ విద్యార్థిని బాగా నడిపించలేరు. ఒకరి వ్యాసాలు మనల్ని కదిలించాయంటే వారి ఆలోచన మనకు నచ్చిందని అర్థం, మన అరకొర ఆలోచనను ఓపికగా వినే గుణం వారికి ఉందని కాదు. 1911లో ఇంజనీరింగు విద్యార్థిగా ఉన్న విట్‌గెన్‌స్టైన్, గణితానికి పునాదుల ప్రశ్నలు పట్టుకుని, తాను అభిమానించిన తర్కవేత్త ఫ్రేగెను చూడడానికి జర్మనీలోని యేనా వెళ్లాడు. ఫ్రేగె ఆయనను తన దగ్గర ఉంచుకోకుండా కేంబ్రిడ్జ్‌లో రస్సెల్ దగ్గరికి వెళ్లమన్నాడు. రస్సెల్ దగ్గర చదివిన విట్‌గెన్‌స్టైన్ ఇరవయ్యో శతాబ్దపు ప్రముఖ తత్వవేత్తల్లో ఒకడయ్యాడు. మీరు అభిమానించే ప్రొఫెసరు గారినే "నా ప్రశ్నలు ఇవి, నాకు వచ్చిన రెండో సీటు ఫలానా చోట, మీరైతే ఏమంటారు" అని అడిగి చూడండి. పెద్దమనుషులు ఇలాంటి వాటికి తమ విభాగం వైపు మొగ్గకుండా జవాబు చెప్పడం నేను చూశాను.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. పీహెచ్‌డీలో చేరేటప్పుడు ఉన్న ప్రశ్నతోనే సిద్ధాంత వ్యాసం పూర్తిచేసేవారు తక్కువ. మొదటి రెండేళ్లు రకరకాల కోర్సులు చేశాక ప్రశ్న రూపు మారుతుంది, మారడం మంచిది కూడా. మీ ప్రశ్ననే తీసుకుందాం. సంఖ్యలు దేశకాలాల్లో లేని వస్తువులైతే, వాటితో మనకు ఏ కార్యకారణ సంబంధమూ లేనప్పుడు, వాటి గురించి మనకు జ్ఞానం ఎలా కలుగుతోందన్న చిక్కును పాల్ బెనసెరాఫ్ 1973లో రాసిన వ్యాసం సూటిగా ముందుపెట్టింది. ఆ చిక్కుతో మొదలైన విద్యార్థి, జ్ఞానమంటే ఏమిటన్న వైపు తిరిగితే జ్ఞానమీమాంసలో తేలుతుంది. పదాలు వస్తువులను ఎలా సూచిస్తాయన్న వైపు తిరిగితే భాషా తత్వశాస్త్రంలోకి వెళుతుంది. ఉనికి అంటే ఏమిటని అడిగితే తత్వమీమాంసలోకి, ఈ ప్రశ్న చరిత్రలో ఎక్కడ మొదలైందని అడిగితే కాంట్ దగ్గరికో ఫ్రేగె దగ్గరికో చేరుతుంది. ఎడ్మండ్ హుసెర్ల్ గణితంలో డాక్టరేటు చేసి, అంకగణిత తత్వశాస్త్రం మీద 1891లో మొదటి పుస్తకం ప్రచురించి, పదేళ్లు తిరిగేసరికి, వస్తువులు మన అనుభవంలో ఎలా కనిపిస్తాయో పరిశీలించే దృగ్విషయ శాస్త్రానికి (ఫినామినాలజీ) పునాది వేస్తున్నాడు. ఈ మలుపులు ఏవీ ముందుగా తెలిసేవి కావు. కాబట్టి మీరు చూడవలసింది ఈనాటి మీ ప్రశ్నకు తగిన మనిషి ఉన్నారా అన్నది మాత్రమే కాదు. ఆ ప్రశ్న పక్కకు జరిగితే ఆ పక్కన కూడా ఎవరైనా ఉన్నారా అని చూడాలి.

అందుకని ఒక చిన్న పని చేయండి. రెండు విభాగాల అధ్యాపకుల పట్టికలు ముందు పెట్టుకుని, మొదటిదాంట్లోంచి మీ ప్రొఫెసరు గారి పేరు కొట్టేయండి. మిగిలినవారిలో భాషా తత్వశాస్త్రం, జ్ఞానమీమాంస, తత్వమీమాంస, విజ్ఞాన తత్వశాస్త్రం చేసేవారి వ్యాసాలు ఒక్కొక్కరివి ఒకటి చొప్పున చదవండి. ఫిల్‌పేపర్స్ అనే ఆన్‌లైన్ సూచికలో ప్రతి ఒక్కరి రచనల పట్టికా ఉంటుంది, చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. వారిలో కనీసం ఇద్దరితో రెండేళ్లు కూర్చుని మాట్లాడాలని మీకు అనిపిస్తే మొదటి విభాగం నిలబడ్డట్టే. మిగిలినవారంతా నీతిశాస్త్రం, రాజకీయ తత్వశాస్త్రాల్లో గొప్పవారైతే, ఆ గొప్పతనం వల్లనే విభాగానికి ఆ ర్యాంకు వచ్చి ఉంటుంది, దానితో మీకు పనిలేదు. రెండో విభాగంలోనూ ఇదే పరీక్ష పెట్టండి. అక్కడ ముగ్గురు ఉన్నారంటే ధీమాగా కనిపిస్తుంది కానీ, ముగ్గురిలో ఒకరు ఇంకా పోస్టు ఖాయం కాని అసిస్టెంట్ ప్రొఫెసరైతే, మరొకరు మంచి పేరు తెచ్చుకుని వేరే చోటి నుంచి పిలుపులు అందుకుంటున్నవారైతే, ఆ మూడు ఒకటి కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఈ పట్టికలన్నిటికంటే ఎక్కువ చెప్పగలిగినవారు ఆ విభాగంలో నాలుగో ఏడాది, ఐదో ఏడాది చదువుతున్న విద్యార్థులు. మొదటి ఏడాదివారు ఇంకా సంబరంలో ఉంటారు, చివరి ఏడాదివారు ఉద్యోగాల వేటలో తలమునకలై ఉంటారు. కోర్సులు అయిపోయి, అర్హత పరీక్షలు గట్టెక్కి, రోజూ ఎవరూ పలకరించని దశలో సిద్ధాంత వ్యాసంతో ఒంటరిగా కుస్తీ పడుతున్నవారిని విభాగం ఎలా చూసుకుంటోందన్నదే దాని అసలు స్వభావం. సీటు వచ్చినవారిని మార్చి నెలలో విభాగాలు తమ ఖర్చుతో పిలిపించుకుని అన్నీ చూపించే ఆనవాయితీ అమెరికాలో ఉంది. వెళ్లగలిగితే వెళ్లండి, వెళ్లలేకపోతే వీడియోలో మాట్లాడించమని, విభాగంలో పైచదువుల వ్యవహారాలు చూసే గ్రాడ్యుయేట్ డైరెక్టరును అడగండి. ఆయన ఎంపికచేసి చూపించిన ఇద్దరితో ఆగక, విభాగం పేజీలో పేర్లు చూసి మీ శాఖలో పనిచేస్తున్నవారికి మీరే రాయండి.

వారిని "ఇక్కడ బాగుందా" అని అడిగితే "బాగుంది" అనే జవాబే వస్తుంది. సంగతులు అడగాలి. చివరిసారి అధ్యాయం ఎప్పుడిచ్చారు, పర్యవేక్షకులు ఎన్ని వారాలకు తిరిగిచ్చారు, ఇచ్చినప్పుడు అంచుల్లో నాలుగు టిక్కులు పెట్టి ఇచ్చారా, వాదనలో పగులు ఎక్కడుందో చూపించారా? మీ బ్యాచిలో చేరినవారిలో ఇప్పుడు ఎందరున్నారు, వెళ్లిపోయినవారు ఎందుకు వెళ్లారు? పర్యవేక్షకులను మార్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా, మార్చుకుంటే ఆ తర్వాత ఇబ్బంది ఎదురైందా? సెమినార్లలో మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురేనా? తత్వశాస్త్రంలో ప్రశ్నలడగడం కొన్ని చోట్ల వాదన పదును పెట్టడానికి, కొన్ని చోట్ల ఎదుటివారిని పడగొట్టడానికి జరుగుతుంది. రెండో రకం వాతావరణంలో తెలివైనవారు కూడా నోరు మెదపడం మానేస్తారు. అమెరికాలో తత్వశాస్త్రం పీహెచ్‌డీ పొందేవారిలో స్త్రీల వాటా దశాబ్దాలుగా మూడో వంతుకు అటూఇటూగానే ఉండిపోయింది, తర్కశాస్త్రం, గణిత తత్వశాస్త్రం వంటి శాఖల్లో స్త్రీలు ఇంకా తక్కువగా కనిపిస్తారు. కనుక అక్కడి విద్యార్థినులతో విడిగా మాట్లాడండి, మధ్యలో మానేసినవారిలో స్త్రీలే ఎక్కువ ఉన్నారా అని కూడా అడగండి. ఇలాంటి సంభాషణల్లో మాటల కంటే జవాబుకు ముందు తీసుకునే వ్యవధి ఎక్కువ చెబుతుంది. మీరు ఎవరిని ఏమడిగారన్నది మూడో మనిషికి చేరకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం మీదే.

డబ్బు విషయంలో ఆఫర్ లేఖను గణిత నిర్వచనం చదివినట్టు పదం పదం చదవండి. ట్యూషన్ ఫీజు మాఫీ ఒకటి, స్టైపెండు వేరొకటి. మాఫీ అయ్యాక కూడా విశ్వవిద్యాలయం రకరకాల పేర్లతో వసూలు చేసే చిల్లర రుసుములు మిగిలే ఉండవచ్చు. స్టైపెండు తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా, వేసవిలో ఏమిటి, ఆరోగ్య బీమా అందులో భాగమా అన్నవి చూడండి. విదేశీ విద్యార్థి వీసా మీద ఉన్నవారు చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా మాత్రమే పనిచేయగలరు. అలాంటివారికి స్టైపెండు చాలకపోతే వేరే దారి దాదాపుగా ఉండదు. రెండు స్టైపెండ్లను పోల్చేటప్పుడు అంకెలను కాక, ఆ ఊళ్లలో ఒక గది అద్దె పోగా మిగిలే మొత్తాన్ని పోల్చాలి. పెద్ద నగరంలోని పెద్ద అంకె తరచుగా ఈ లెక్కలో ఓడిపోతుంది. ఏ ఏళ్లలో ఫెలోషిప్, ఏ ఏళ్లలో టీచింగ్ అసిస్టెంట్‌షిప్, ఆ అసిస్టెంట్‌షిప్‌లో ఎందరు విద్యార్థుల పేపర్లు దిద్దాలి అన్నవి కూడా డబ్బు ప్రశ్నలే, ఎందుకంటే దిద్దుడు పనిలో పోయిన సాయంత్రాలు సిద్ధాంత వ్యాసం నుంచి కోతపడతాయి.

నాలుగేళ్ల హామీకి, ఐదేళ్ల హామీకి మధ్య తేడా ఒక ఏడాదే కదా అనిపిస్తుంది. తత్వశాస్త్రం పీహెచ్‌డీకి అమెరికాలో సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది కాబట్టి, హామీ అయిపోయిన తర్వాతి ఏళ్లే అసలు సమస్య. కొన్ని విభాగాలు రాతలో నాలుగేళ్లని చెప్పి, ఆచరణలో ఆరో ఏడాది వరకు ఎవరినీ వదలవు. మరికొన్ని ఐదో ఏడాది చివరిరోజున చేతులెత్తేస్తాయి. రాతలో ఉన్నది చదవండి, ఆచరణలో ఉన్నది ఆరో ఏడాది విద్యార్థిని అడగండి. మొదటి విభాగానికి ఈ విషయం సూటిగా రాసి, మరోచోట ఐదేళ్ల హామీ వచ్చిందని కూడా చెప్పండి. ఇది బేరమాడినట్టు కాదు, ఇలాంటి విజ్ఞప్తి వారికి ఏటా వస్తుంది, ఒక్కోసారి ఫలిస్తుంది కూడా.

ఉద్యోగాల గురించి అడిగారు. శాశ్వత అధ్యాపక పోస్టులకంటే డాక్టరేట్లు ఎక్కువ, చాలా ఏళ్లుగా పరిస్థితి అంతే. పట్టా రాగానే స్థిరమైన పోస్టులో కుదిరినవారు కొందరే. మిగిలినవారు పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన పోస్టులు), ఏడాదో రెండేళ్లో ఉండే తాత్కాలిక పోస్టులు పట్టుకుని ఊళ్లు మారుతూ ఉంటారు, కొందరు కొన్నేళ్లకు వేరే రంగానికి వెళ్లిపోతారు. ఏ ఊళ్లో బతకాలన్నది మీరు నిర్ణయించుకునే విషయంగా ఉండదు. గణితం, తర్కశాస్త్రం తెలిసినవారికి బయట పని దొరకడం నీతిశాస్త్రం చేసినవారికంటే సులువు కావచ్చు, కానీ ఆ పనికి పీహెచ్‌డీ అవసరం లేదని గుర్తుంచుకోవాలి. ఆరేళ్ల తర్వాత ప్రొఫెసరు ఉద్యోగం రాకపోతే ఈ ఆరేళ్లు వృథా అయ్యాయని బాధపడే స్వభావం మీదైతే, ఏ విభాగానికీ వెళ్లవద్దనే చెబుతాను.

వెళ్లాలనే నిశ్చయించుకుంటే, ఈ విషయంలో రెండు విభాగాలను పోల్చడానికి ఒక పద్ధతి ఉంది. చాలా విభాగాలు తమవారికి ఎక్కడెక్కడ ఉద్యోగాలు వచ్చాయో ఒక పేజీలో పెడతాయి. అందులో ఉద్యోగం వచ్చినవారి పేర్లే ఉండి రానివారి పేర్లు మాయమయ్యే ప్రమాదం ఉంది. పాత వెబ్ పేజీలను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అదే విభాగం విద్యార్థుల పేజీకి ఎనిమిదేళ్ల కిందటి ప్రతి దొరుకుతుందేమో చూడండి. దొరికితే ఆ పేర్లు రాసుకుని, వారిలో ఎవరి సిద్ధాంత వ్యాసాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరాయో, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో వెతకండి. ఒక సాయంత్రం పట్టే పని ఇది, ఏ ర్యాంకూ చెప్పని సంగతి దీనితో తెలుస్తుంది. కరోలిన్ డైసీ జెన్నింగ్స్ నడిపిస్తున్న అకడమిక్ ఫిలాసఫీ డేటా అండ్ అనాలిసిస్ అన్న ప్రాజెక్టు కూడా విభాగాలవారీగా ఇలాంటి సమాచారాన్ని సేకరిస్తోంది, మీ లెక్కను దానితో సరిచూసుకోవచ్చు. మొత్తం విభాగం అంకెలతో ఆగవద్దు. మొదటి విభాగం నుంచి మంచి పోస్టుల్లోకి వెళ్లినవారంతా నీతిశాస్త్రం చేసినవారైతే, మీ ప్రొఫెసరు గారి దగ్గర గత పదేళ్లలో పూర్తిచేసినవారు ఎందరు, వారు ఎక్కడున్నారన్నదే మీకు వర్తించే అంకె.

మీరు రాసినంతవరకు చూస్తే నా మొగ్గు రెండో విభాగం వైపు. అక్కడ మీ ప్రశ్నకు ముగ్గురు తోడున్నారు, ఒకరు వెళ్లిపోయినా పని ఆగదు, ఐదో ఏడాది అద్దె గురించి నాలుగో ఏడాదిలో నిద్రపోకుండా ఉండనక్కరలేదు. అయితే మూడు విషయాలు తేలితే ఈ అభిప్రాయం మార్చుకుంటాను. ప్రొఫెసరు గారు కనీసం ఆరేళ్లు విద్యార్థులతో ఉంటానని స్పష్టంగా చెప్పాలి. ఆయన కాక మీ ప్రశ్నకు చుట్టుపక్కల పనిచేసేవారు ఇద్దరైనా అక్కడ ఉండి, మిమ్మల్ని తీసుకోవడానికి ఇష్టపడాలి. ఐదో ఏడాది జీతం ఆచరణలో అందరికీ వస్తోందని విద్యార్థులే చెప్పాలి. మూడూ కుదిరితే మొదటిదానికే వెళ్లండి, ఆ పేరు రేపు మీకు పనికొస్తుంది. రెండే కుదిరితే, కుదరనిది మొదటిదా చివరిదా అన్నదాన్ని బట్టి ఆలోచించాలి. రెండోది కుదరకపోతే ఇక ఆలోచించవలసింది లేదు.

ఏప్రిల్ 15 గడువు గురించి ఒక మాట. స్టైపెండుతో కూడిన ఆఫర్లకు ఆ తేదీ కంటే ముందే జవాబివ్వాలని విద్యార్థిని బలవంతపెట్టబోమని అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు ఉమ్మడి తీర్మానం మీద సంతకం చేశాయి. ఎవరైనా తొందరపెడితే ఆ తీర్మానం సంగతి మర్యాదగా గుర్తుచేయవచ్చు. అలాగని తేల్చుకున్నాక కూడా చివరిరోజు దాకా లాగవద్దు. మీరు వదులుకునే సీటు కోసం వెయిటింగ్ లిస్టులో మరొకరు ఎదురుచూస్తుంటారు, వారికి వారం ముందు కబురు అందడానికి, చివరి సాయంత్రం అందడానికి చాలా తేడా ఉంటుంది. ఎంఏ సీటును ఈ వారమే వదులుకోండి. రెండో విభాగాన్ని ఎంచుకునే పక్షంలో మొదటి విభాగానికి రాసే జవాబుతో పాటు, ఆ ప్రొఫెసరు గారికి విడిగా ఒక ఉత్తరం రాసి, ఎందుకు రాలేకపోతున్నారో చెప్పండి. సిద్ధాంత వ్యాసం కమిటీలో బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక సభ్యుడిని పెట్టుకునే వీలు చాలా విభాగాల్లో ఉంటుంది. అప్పటికి ఆయన పనిచేస్తూ ఉంటే, నాలుగో ఏడాదిలో మీరు అడగవలసిన మొదటి పేరు ఆయనదే.